పుస్తకంలో లేని ఉదాహరణ

1998 జూన్‌లో బడులు తెరిచిన రెండో వారం నాకు గ్రేడ్-1 తెలుగు పండితుడిగా పదోన్నతి వచ్చింది. అప్పట్లో ఉన్నత పాఠశాలల్లో తెలుగు చెప్పేవాళ్ళు రెండు మెట్ల మీద ఉండేవాళ్ళు. గ్రేడ్-2 పండితుడు ఆరు నుంచి ఎనిమిది దాకా చెప్తాడు. గ్రేడ్-1 అయితే తొమ్మిది, పది తరగతులు చేతికి వస్తాయి. పది అంటే పబ్లిక్ పరీక్ష, పబ్లిక్ పరీక్ష అంటే ఫలితాలు, ఫలితాలు అంటే జవాబు చెప్పుకోవడం. పన్నెండేళ్ళు కింది తరగతులు చెప్పిన నన్ను మార్టూరుకు పడమర వైపు పల్లెలో ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు వేశారు.

జాయినింగ్ రిపోర్టు ఇవ్వగానే ప్రధానోపాధ్యాయుడు సుబ్బరామయ్య గారు నా పేరు రెండుసార్లు చదువుకున్నారు. నేను దూదేకులవాణ్ణి, పేరు మస్తాన్. మా నాన్న గుంటూరులో దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, నేను చదివింది ఓరియంటల్ కాలేజీలో భాషాప్రవీణ. కొత్త ఊరికి వెళ్ళిన ప్రతిసారీ ఈ వివరం ఒకసారి చెప్పుకోవాల్సి వచ్చేది. చెప్పాను. ఆయన తల ఊపి, నిరుటి ఫలితాల కాగితం నా ముందు పెట్టారు. లెక్కల్లో తప్పినవాళ్ళకంటే తెలుగులో తప్పినవాళ్ళు ఎక్కువ ఉన్నారు.

"ఇది చూసి పైవాళ్ళు నన్ను అడిగారు మస్తాన్ గారూ, తెలుగు పిల్లలు తెలుగులో తప్పడం ఏందని. వచ్చే ఏడు సమాధానం మీరు చెప్పాలి" అన్నారు.

పదో తరగతికి వెళ్ళిన మొదటి రోజు, ఉపమాలంకారం లక్షణం అడిగాను. క్లాసు క్లాసంతా ఒక్క గొంతుతో అప్పజెప్పింది. ఉపమేయానికి ఉపమానానికి మనోహరమైన పోలిక చెప్పడం ఉపమ అని, వెంటనే ఉదాహరణ, చివర సమన్వయం. ఎక్కడా తడబాటు లేదు. అప్పుడు నల్లబల్ల మీద 'పాలిష్ పట్టిన రాయి అద్దంలా మెరుస్తోంది' అని రాసి, ఇది ఏ అలంకారం అని అడిగాను. ఆ పిల్లల్లో సగం మంది తండ్రులు మార్టూరు గ్రానైట్ యూనిట్లలో రాళ్ళకు పాలిష్ పట్టేవాళ్ళే. అయినా అందరూ గైడులు తిరగెయ్యడం మొదలుపెట్టారు. కాసేపటికి ముందు బెంచీలో రాంబాబు లేచి, ఎంతో మర్యాదగా, "ఆ లైను గైడులో లేదండి" అన్నాడు.

జబ్బు ఏమిటో అర్థమైంది. లక్షణం నోటికి వచ్చింది, కానీ అది దేనికి లక్షణమో తెలియదు.

మర్నాటి నుంచి రెండు పనులు పెట్టాను. ఒకటి, ఇంటి దగ్గర నుంచి బడికి వచ్చేలోపు ఎవరి నోటి నుంచైనా పోలికతో కూడిన మాట ఒకటి పట్టుకుని రావాలి. రెండు, ఆ మాటను నోటుబుక్కులో నాలుగు గడులు గీసి విడగొట్టాలి. దేన్ని పోలుస్తున్నామో అది ఉపమేయం. దేనితో పోలుస్తున్నామో అది ఉపమానం. రెండింటికీ ఉమ్మడిగా ఉన్న గుణం సమానధర్మం. 'లా', 'వలె' వంటి మాట ఉపమావాచకం. నాలుగు గడులూ నిండితే పూర్తి ఉపమ. నిండకపోతే ఎందుకు నిండలేదో చూడాలి. అక్కడే మిగతా అలంకారాలు బయటపడతాయి.

మొదటి వారం సిగ్గుపడ్డారు. రెండో వారానికి నన్ను ఊపిరి తీసుకోనివ్వలేదు. బస్సు కండక్టరు తిట్లు, బడ్డీ కొట్టు దగ్గర వేళాకోళాలు, అమ్మమ్మల సణుగుళ్ళు అన్నీ నోటుబుక్కుల్లోకి ఎక్కాయి. కొన్ని చదవడానికి వీల్లేనివి కూడా వచ్చాయి. వాటిని కొట్టేయించాను గానీ, విడగొట్టింది మాత్రం సరిగ్గానే ఉండేది. ఛందస్సుకు వాళ్ళ పేర్లనే వాడాను. హ్రస్వాక్షరం లఘువు, దీర్ఘాక్షరం గురువు. ద్విత్వానికో సంయుక్తానికో ముందున్న అక్షరం, సున్నా పెట్టిన అక్షరం, పొల్లు పక్కనున్న అక్షరం కూడా గురువులే. రాంబాబు పేరు రెండు గురువులూ ఒక లఘువూ కాబట్టి త గణం. నా పేరు బల్ల మీద రాస్తే రెండూ గురువులే తేలాయి.

"సారు పేరు నిండా గురువులేరా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు.

ఆ రోజు శ్లేష చెప్పడానికి నాకు వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

ఆ క్లాసులో కోటేశ్వరి అనే అమ్మాయి ఉండేది. తండ్రి రాళ్ళ పాలిష్ పనిలో ఉండేవాడు, తల్లి సీతమ్మ మిరప కోతలకూ పత్తి తీతలకూ వెళ్ళే మనిషి. కోటేశ్వరి పెద్దగా మాట్లాడదు. కానీ ఆమె నోటుబుక్కు దిద్దడం నాకు మిగతావాటికంటే ఆలస్యమయ్యేది, ఎందుకంటే ప్రతి గడి దగ్గరా ఒక సందేహం రాసి పెట్టేది. 'నాన్న రాయిని చూసి అద్దంలా ఉంది అన్నాడు. అమ్మ అదే రాయిని చూసి, ఇందులో చెరువు నీళ్ళు గడ్డకట్టినాయా ఏంది అంది. రెండూ ఒకటేనా?' అని ఒకసారి రాసింది. ఒకటి కాదు. మొదటిది ఉపమ, రెండోది ఉత్ప్రేక్ష. ఒకటి పోల్చడం, ఇంకొకటి ఊహించడం. ఈ తేడా ఒక పిల్ల తనంతట తాను పట్టుకోవడం నా సర్వీసులో అదే మొదటిసారి.

డిసెంబరులో అర్ధ సంవత్సర పరీక్షలు వచ్చాయి. ఆ ఏడాది మండలంలో జవాబు పత్రాలను ఒక బడివి ఇంకో బడికి పంపి దిద్దించారు. సొంత పిల్లలకు ఉదారంగా వెయ్యకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. మా పత్రాలు తిరిగి వచ్చిన రోజు నేను స్టాఫ్ రూములో కట్ట విప్పి కూర్చున్నాను. ఉత్ప్రేక్షకు లక్షణం రాసి ఉదాహరణ ఇవ్వమన్న ప్రశ్నకు మా పిల్లలు చాలామంది సొంత వాక్యాలు రాశారు. అన్నిటికీ సున్నాలే. కోటేశ్వరి పత్రం మీద 'పుస్తకంలో లేదు' అని ఎర్ర సిరాతో రాసి ఉంది. వ్యాకరణం భాగమంతా అలాగే పోయేసరికి ఆ అమ్మాయికి పాస్ మార్కులకు రెండు తగ్గాయి.

సుబ్బరామయ్య గారు నన్ను పిలిచి మెమో ఇచ్చారు. మెమో అంటే, ఫలానా విషయంలో మీ సంజాయిషీ ఇంత గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వండి అనే కాగితం. పన్నెండేళ్ళ సర్వీసులో నేను అందుకున్న మొదటి మెమో అదే. ఆయనకు నా మీద కోపం లేదు. ఆయన మాట కూడా అబద్ధం కాదు.

"మీరు చెప్పేది గొప్పగానే ఉంది. కానీ దిద్దేవాడి చేతిలో గైడు ఉంటుందండి. జనవరి ఆఖరు దాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే ఉంటే పదో తరగతి పీరియడ్లు వేరేవాళ్ళకి ఇస్తాను" అన్నారు.

సంజాయిషీ రాసి ఇచ్చాను. పిల్లలు రాసిన వాక్యాలు లక్షణానికి సరిపోయాయని, మూల్యాంకనంలో పొరపాటు జరిగిందని రాశాను. రాశానే గానీ లోపల బెరుకుగానే ఉంది. నేను అసలు సంగతి నేర్పినందుకు పిల్లలు మార్కులు పోగొట్టుకున్నారు. మర్నాడు క్లాసులో, ఇకనుంచి పుస్తకంలోని ఉదాహరణ ముందు రాయండి, సొంతది దాని కింద రాయండి అని చెప్పాను. చెప్తుంటే నాకే నచ్చలేదు.

జనవరిలో మిరప కోతలు మొదలయ్యాయి. కోటేశ్వరి మూడు రోజులు బడికి రాలేదు. నాలుగో రోజు సాయంత్రం బడి వదిలాక కళ్ళానికి వెళ్ళాను. కోసిన కాయ ఎండబోసిన నేల కనుచూపు మేరా ఎర్రగా ఉంది. ఘాటుకు నాకు తుమ్ములు ఆగలేదు. సీతమ్మ తలగుడ్డ విప్పకుండానే లేచి నిలబడింది.

"మాట్టాడేది తెలుగే గదా మాస్టారూ. దాంట్లోనే తప్పిందంటే ఇంగ లెక్కల్లో, ఇంగిలీషులో ఏం గట్టెక్కుద్ది? నాతో పాటు కోతకొస్తే పనన్నా నేర్చుకుంటది" అంది.

"తప్పింది మీ అమ్మాయి కాదమ్మా. ఆమె రాసింది రైటే" అన్నాను.

"రైటయితే సున్నా ఎందుకేశారు?"

కోటేశ్వరి పక్కనే రంగు పోయిన తాలు కాయలు ఏరుతూ తల ఎత్తలేదు. నెలాఖరులో డివిజన్ స్థాయిలో పదో తరగతి పిల్లలకు తెలుగు వ్యాకరణం పోటీ ఉందని, బడికి ఇద్దరిని పంపాలని, కోటేశ్వరినీ రాంబాబునూ తీసుకెళ్తానని చెప్పాను. అక్కడ దిద్దేవాళ్ళు పెద్ద పండితులని, సున్నా ఎందుకు పడిందో అక్కడ తేలుతుందని అన్నాను. సీతమ్మ కూతురి వంక చూసి, నా వంక చూసి, "ఆ పోటీ అయిందాకా పంపిస్తా. తర్వాత అడక్కండి" అంది.

రెండు వారాలు మధ్యాహ్నం భోజనాల వేళ ఇద్దరినీ కూర్చోబెట్టాను. కొత్తగా చెప్పింది ఏమీ లేదు. ఒకే వాక్యాన్ని తీసుకుని దాన్ని ఉపమగా, ఉత్ప్రేక్షగా, రూపకంగా మార్చడం, మార్చినప్పుడు ఏ గడి ఖాళీ అయిందో చెప్పడం, అంతే. రాంబాబు తొందరపడేవాడు. కోటేశ్వరి ఆలోచించి ఒకే మాట చెప్పేది.

పోటీ ఒక పట్టణంలోని హైస్కూలు హాల్లో జరిగింది. ముందు రాత పరీక్ష, అందులో మొదటి ఐదుగురికి వేదిక మీద మౌఖిక పరీక్ష. రాత పరీక్ష దిద్దడం అయ్యాక కీ, అంటే సరైన జవాబుల పట్టిక, గోడకు అంటిస్తారు. పక్కనే మార్కుల జాబితా పెడతారు. అభ్యంతరం ఉంటే వెంట వచ్చిన ఉపాధ్యాయుడు అరగంటలోగా తెల్ల కాగితం మీద రాసి ఇవ్వాలి. జాబితాలో కోటేశ్వరి పేరు ఆరో స్థానంలో ఉంది. ఐదో స్థానానికీ ఆమెకూ తేడా ఒక్క మార్కు.

కీ చూశాను. 'మబ్బులు ఏనుగుల గుంపో అన్నట్టు కొండ మీదికి కదులుతున్నాయి' అనే వాక్యానికి కీలో ఉపమ అని ఉంది. కోటేశ్వరి ఉత్ప్రేక్ష అని రాసింది. అభ్యంతరం రాసి నిర్వాహకుల బల్ల దగ్గరకు వెళ్ళాను. ప్రశ్నపత్రం తయారుచేసిన యువ పండితుడు నా కాగితం చదివి, "'అన్నట్టు' అని ఉంది కదండీ, పోలిక చెప్పే మాట. ఉపమే అవుద్ది" అన్నాడు. నేను వివరించబోయాను. పక్కన అధ్యక్షుడిగా కూర్చున్న పెద్దాయన చెయ్యి ఎత్తి ఆపారు. ఆయన గుంటూరులో చాలాకాలం కాలేజీలో తెలుగు చెప్పి రిటైరైన పండితులు.

"మీరొద్దు మాస్టారూ. మీరు చెప్తే అది మీ పాండిత్యం అవుతుంది. రాసిన పిల్లని పిలవండి" అన్నారు.

కోటేశ్వరి వచ్చి బల్ల ముందు నిలబడింది. హాల్లో మిగతా బడుల పిల్లలూ పంతుళ్ళూ అందరూ ఇటు తిరిగారు. ఆమె చేతివేళ్ళు కారపు ఘాటుకు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఉత్ప్రేక్ష అని ఎందుకు రాశావమ్మా అని పెద్దాయన అడిగారు.

"మబ్బులు ఏనుగుల్లా ఉన్నాయి అంటే, మబ్బులు వేరు, ఏనుగులు వేరు అని తెలిసి పోల్చినట్టండి. అది ఉపమండి. ఏనుగుల గుంపో అన్నప్పుడు ఇంగ పోల్చట్లేదండి. చూసినాయన, ఇయి ఏనుగులేనేమో అని ఊహించుకుంటున్నాడండి. ఊహ వచ్చిందంటే ఉత్ప్రేక్షండి. 'అన్నట్టు' అనేది రెండిట్లోనూ వచ్చుద్దండి. ఆ మాట చూసి చెప్పగూడదండి, దాని ముందున్న మాట చూడాలండి."

పెద్దాయన ప్రశ్నపత్రం తయారుచేసిన పండితుడి వైపు చూడలేదు. ఆమెనే చూస్తూ, "పుస్తకంలోది వద్దు. మీ ఊళ్ళో వస్తువు ఒకటి తీసుకో. దాన్ని మూడు రకాలుగా చెప్పు" అన్నారు.

"కళ్ళంలో మిరపకాయలు నిప్పుల్లా ఎర్రగా ఉన్నాయి, ఇది ఉపమండి. కళ్ళంలో పోసినవి నిప్పు కణికలో ఏమో అన్నట్టున్నాయి, ఇది ఉత్ప్రేక్షండి." తర్వాత నెమ్మదిగా, "మా అమ్మ మిరప నిప్పులు ఒట్టి చేతుల్తో ఏరుద్ది. ఇది రూపకమండి. మిరపకాయలకీ నిప్పులకీ తేడా లేదన్నట్టండి" అంది.

పెద్దాయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఎర్ర పెన్ను తీసుకుని లేచి, గోడ దగ్గరకు స్వయంగా వెళ్ళి, కీలో ఉపమ అన్న మాట కొట్టేసి ఉత్ప్రేక్ష అని రాసి సంతకం చేశారు. పత్రాలన్నీ మళ్ళీ దిద్దమన్నారు. ప్రశ్న తయారుచేసిన పండితుడు మంచివాడు. తానే కట్ట ముందేసుకుని మొదటి పత్రం నుంచి మొదలుపెట్టాడు. జాబితా తిరిగి అంటించేసరికి ఉపమ అని రాసిన కొందరికి ఒక్కో మార్కు తగ్గింది, మా అమ్మాయికి ఒకటి పెరిగింది. కోటేశ్వరి ఆరో స్థానం నుంచి రెండో స్థానానికి వచ్చింది.

వేదిక మీద చీటీ తీసి, అందులో వచ్చిన అలంకారానికి అక్కడికక్కడే సొంత వాక్యం చెప్పాలి. మొదటి పిల్లవాడు పుస్తకంలోది చెప్పి ఆగిపోయాడు. కోటేశ్వరికి అతిశయోక్తి వచ్చింది.

"మా ఊళ్ళో మిరపకాయ తుంచితే గుంటూరు మిర్చి యార్డులో తుమ్ముతారండి" అంది.

హాలంతా గొల్లుమంది. పెద్దాయన కూడా నవ్వు ఆపుకోలేకపోయారు. నాలుగు చుట్లు అయ్యాయి, నాలుగింటికీ ఆమె తడుముకోలేదు. మొదటి బహుమతి కోటేశ్వరికి వచ్చింది. రాంబాబు రాత పరీక్ష దగ్గరే ఆగిపోయినా, బస్సులో ఊరిదాకా ఆ షీల్డు వాడే పట్టుకున్నాడు. ఎక్కినవాళ్ళందరికీ, "మా బడికేనండి, ఫస్టు" అని చెప్తూనే ఉన్నాడు.

సోమవారం ఉదయం ప్రార్థన సమావేశంలో సుబ్బరామయ్య గారు షీల్డును అందరికీ చూపించి, జరిగింది నాతో చెప్పించారు. సీతమ్మకు ముందే కబురు పంపాం. చేలో నుంచి అట్నే వచ్చింది. మూడు వాక్యాలూ కోటేశ్వరి మైకులో మళ్ళీ చెప్పింది. రూపకం దగ్గరకు వచ్చేసరికి సీతమ్మ తన అరచేతులు ఒకసారి చూసుకుంది. సమావేశం అయ్యాక ఆఫీసు రూములోకి నేరుగా వచ్చింది.

"ఇప్పుడు ఫస్టొచ్చింది, అప్పుడు సున్నా ఏసింది, రెండూ ఒకేరకం జవాబేనా మాస్టారూ?"

"ఒకే రకమేనమ్మా."

ఆమె ప్రధానోపాధ్యాయుడి వైపు తిరిగింది. "అయితే ఆ సున్నా కొట్టేయించండయ్యా."

సుబ్బరామయ్య గారు ఒక్క క్షణం నా వంక చూసి, కుర్చీ చూపించి ఆమెను కూర్చోమన్నారు. ఆమె ముందే గుమాస్తాను పిలిచి, ఆ పత్రాలు పునర్మూల్యాంకనం చెయ్యవలసిందిగా అవతలి బడికి ఉత్తరం రాయించారు. పోటీలో దిద్దిన కీ నకలు దానికి జతచేశారు. పది రోజుల్లో పత్రాలు తిరిగి వచ్చాయి. లక్షణానికి సరిపోయిన సొంత ఉదాహరణలన్నిటికీ మార్కులు పడ్డాయి. మార్కుల రిజిస్టరులో పాత అంకె మీద అడ్డగీత గీసి, పక్కన కొత్తది వేసి, ప్రతి దిద్దుబాటు దగ్గరా ఆయన పొట్టి సంతకం పెట్టారు. కోటేశ్వరి ఒక్కతే కాదు, ఇంకా ఐదారుగురు పాసయ్యారు. నాకిచ్చిన మెమో వెనక్కి తీసుకుంటున్నట్టు కాగితం కూడా ఇచ్చారు. పదో తరగతి పీరియడ్ల సంగతి ఇద్దరమూ మళ్ళీ ఎత్తలేదు.

కోటేశ్వరి ఆ సీజను కోతలకు ఆదివారాలే వెళ్ళింది. మార్చి పబ్లిక్ పరీక్షల్లో మా బడి నుంచి తెలుగులో తప్పినవాళ్ళు ఎవరూ లేరు. ఫలితాలు పేపర్లో వచ్చిన రోజు సుబ్బరామయ్య గారు ఇంకెవరూ అడగకముందే మండలమంతా ఫోన్లు చేసి చెప్పుకున్నారు. కోటేశ్వరి ఇంటర్‌కు చిలకలూరిపేట వెళ్ళింది. ఆ తర్వాత టీచర్ ట్రైనింగ్ చేసి డీఎస్సీలో ఎంపికై, ఇప్పుడు ఒంగోలు వైపు ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తోంది.

ఆ సంఘటన తర్వాత నా పద్ధతిలో రెండు మార్పులు స్థిరపడ్డాయి. పిల్లవాడికి ఒక లక్షణం వచ్చిందో లేదో తెలుసుకోవడానికి దాన్ని అప్పజెప్పించుకోవడం మానేశాను. కొత్త వాక్యం ఇచ్చి గుర్తుపట్టమనేవాణ్ణి, గుర్తుపట్టినవాణ్ణి ఇంకో వాక్యం తయారుచెయ్యమనేవాణ్ణి. రెండోది, 2004 నుంచి రిటైరయ్యే దాకా పబ్లిక్ పరీక్షల స్పాట్ వాల్యుయేషన్‌కు చీఫ్ ఎగ్జామినర్‌గా వెళ్ళాను. నా కింద దిద్దేవాళ్ళు ఐదారుగురు ఉండేవాళ్ళు. కట్టలు విప్పే ముందు ప్రతి ఏడూ వాళ్ళకు ఒకటే చెప్పేవాణ్ణి. ఉదాహరణ లక్షణానికి సరిపోతే పూర్తి మార్కు వెయ్యండి. సరిపోలేదనుకుంటే, ఎందుకు సరిపోలేదో పత్రం మీద ఒక ముక్క రాసి అప్పుడు సున్నా వెయ్యండి. అలా రాయాల్సి వచ్చేసరికి మా బల్ల మీద సున్నాలు బాగా తగ్గాయి.